ఆగస్టు పరీక్ష

శుక్రవారం స్కూలు ఫుట్‌బాల్ ఆటలో వెల్లకిలా పడిపోయిన క్లేటన్ హుడాక్ పదకొండు సెకన్లకి లేచి నిలబడ్డాడనీ, చివరి పావు ఆట మొత్తం ఆడి జట్టుని గెలిపించాడనీ కార్వర్స్ బెండ్ ఊరంతా చెప్పుకుంటోంది. ఆ తర్వాత ఇంట్లో జరిగింది మాత్రం వాళ్ళమ్మ లొరెట్టాకి తెలుసు. శనివారం పొద్దున్నే వాంతి చేసుకున్నాడు. స్టాండ్లలో అమ్మిన హాట్‌డాగులు పడలేదన్నాడు వాళ్ళ తాత. ఆస్పత్రికి తీసుకెళ్తానంటే వద్దని క్లే ఆమె చేతులు పట్టుకుని బతిమాలాడు. బొగ్గు పడవ మీద పనిలో ఉన్న భర్త రస్సెల్‌కి ఫోన్ చేస్తే, సోమవారం స్కూల్లో పరీక్ష పెడతారుగా, అందాకా ఆగమన్నాడు. ఆగింది. ఆదివారం ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పాలడబ్బా తీసుకెళ్ళి గిన్నెల అలమరలో పెట్టాడు క్లే. సోమవారం పొద్దున్న కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తల పరీక్ష పెట్టారు. అందులో తప్పుతాడనీ, తప్పితే ఈ సీజన్‌కి ఇంట్లో కూర్చోబెట్టవచ్చనీ లొరెట్టా గుట్టుగా ఆశపడింది.

పాసయ్యాడు.

అదే రోజు సాయంత్రం ఆరున్నరకి ఆమె సెయింట్ సిరిల్ చర్చి కింది హాల్లో, వెన్నలో వేయించిన క్యాబేజీ హలుష్కీ గిన్నె వెనక గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ప్రతి సోమవారం బూస్టర్ క్లబ్బు అక్కడ కూడుతుంది. జట్టు మీద ప్రాణం పెట్టుకున్న పెద్దవాళ్ళంతా వస్తారు. కోచ్ బర్డిక్ శుక్రవారం ఆటని తెర మీద వేస్తాడు. వంట తల్లులది. వడ్డనకి ఒక పద్ధతుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ తల్లి, వాడికి కాపుగా నిలబడే అయిదుగురి తల్లిదండ్రులకి ముందు వడ్డించాలి. ఆ అయిదుగురూ తిన్నాకే మిగతావాళ్ళకి గరిటె తిరుగుతుంది.

వరసలో మొదట డొరీన్ స్కాలా నిలబడింది. డొరీన్ కొడుకు వేడ్ ఎడమ పక్క కాపు. విసిరేటప్పుడు క్లే వీపు ఉండేది ఆ వైపే. అవతలి జట్టు నలభై నాలుగో నంబరువాడు వచ్చి గుద్దింది కూడా ఆ వైపు నుంచే.

"లెట్టీ, ఈ వారం డొరీన్‌కి సగం గరిటే వెయ్యి," అన్నాడు వెనకనుంచి లూ పెట్రెల్లా లొరెట్టాతో. ఊళ్ళో మగవాళ్ళందరికీ జుట్టు కత్తిరించేది అతనే. "వాళ్ళ వాడు సగమేగా కాపు కాసింది."

నలుగురైదుగురు నవ్వారు. డొరీన్ వెనక్కి తిరిగింది.

"నువ్వెళ్ళి ఆపవయ్యా లూ. రెండొందల నలభై పౌన్లున్నాడు వాడు. నిన్నూ నీ కుర్చీనీ నీ అద్దాన్నీ కలిపి ఎత్తుకుపోతాడు."

"నన్నెందుకు ఎత్తుకుపోతాడు, నేను పక్కకి జరుగుతాగా. మీ వాడిలాగే."

ఈసారి ఇంకా ఎక్కువమంది నవ్వారు. లొరెట్టా డొరీన్ పళ్ళెంలో రెండు గరిటెలు వేసింది. డొరీన్ కళ్ళెత్తి చూడలేదు. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఒకే వీధి. పిల్లలు ఒకరి పాత చొక్కాలు ఒకరు తొడుక్కుని పెరిగారు.

దీపాలు తగ్గించారు. తెర మీద పచ్చిక, పసుపు గీతలు, తెల్ల చొక్కాలో ఏడో నంబరు, క్లే. ఏడో నంబరు బంతి అందుకుని నాలుగడుగులు వెనక్కి వేసి చెయ్యెత్తాడు. ఎడమ నుంచి నలభై నాలుగు వచ్చాడు.

కోచ్ బొమ్మ ఆపాడు.

"చూశారా! చూశారా!" లూ కుర్చీలోంచి సగం లేచాడు. "బంతి చేతిలో లేదు. వదిలేశాడు. ఒకటి, రెండు. రెండడుగులు వేసి మరీ గుద్దాడు. రిఫరీ తప్పని విసరాల్సిన పసుపు గుడ్డ జేబులో పెట్టుకుని ముక్కు తుడుచుకుంటున్నాడా?"

"పరిగెత్తి వచ్చేవాడు గాల్లో ఎలా ఆగుతాడు? కాళ్ళకి బ్రేకులున్నాయా?" అన్నాడు ముందు వరసలోంచి ఎమిల్ హుడాక్. లొరెట్టా మామగారు. ఇంట్లోనూ ఊళ్ళోనూ అందరూ పాప్ అంటారు. డెబ్భై నాలుగేళ్ళు. "మా రోజుల్లో దీన్ని దెబ్బ అనేవాళ్ళం కాదు. పలకరింపు అనేవాళ్ళం."

"మీ రోజుల్లో మీ హెల్మెట్లు తోలువి పాప్. అందుకే మీకు పలకరింపులు అంత బాగా గుర్తుండిపోయాయి."

"గుర్తుండబట్టే మాట్లాడుతున్నా. నీకు నిన్న ఎవరికి ఏ క్రాపు కొట్టావో గుర్తుండదు. మొన్న నాకు ఒక చెవి పైన పొడుగు వదిలావు."

"ఆ చెవి వంకర, నా కత్తెర కాదు."

వెనక వరసలోంచి ఇంకొకాయన గొంతు. "గుద్దడంలో తప్పులేదు. తలకి తగిలిందా, ఛాతీకి తగిలిందా అన్నదే లెక్క. మళ్ళీ వెయ్యండి కోచ్."

మళ్ళీ వేశాడు. ఛాతీకేనని కొందరు, గడ్డం కిందని కొందరు. మళ్ళీ. భుజం ఎత్తాడని లూ. ఎత్తలేదని పాప్. మళ్ళీ.

"అసలు అంతసేపు బంతి పట్టుకుని నిలబడితే ఎవడు మాత్రం ఎంతసేపని ఆపుతాడు?" అంది డొరీన్ ఉన్నట్టుండి. గొంతు హాలంతా వినిపించింది. ఆ వెంటనే వెనక్కి తిరిగి, "నీ గురించి కాదే లెట్టీ," అంది.

"నాకు తెలుసు," అంది లొరెట్టా.

తొమ్మిదోసారి కూడా కొడుకు పడటం చూసింది. పడ్డప్పుడు తల నేలకి ఒకసారి కాదు, రెండుసార్లు తగులుతోంది. మొదటిసారి గట్టిగా. తర్వాత కొంచెం పైకి లేచి, మెడలో పట్టు లేనట్టు, దానంతట అది రెండోసారి. మొదటి దాని గురించే హాలంతా వాదించుకుంటోంది. రెండోది ఎవరికీ కనిపించటం లేదు. అందరి కళ్ళూ నలభై నాలుగు మీదే ఉన్నాయి.

"వాడికి బాగాలేదు," అంది.

గరిటె గిన్నెలోనే ఉంది. ఎవరూ వినలేదు. రెండోసారి గట్టిగా అంది. కోచ్ బర్డిక్ తెర ఆపాడు. చిన్న వయసువాడు, ఎవరి మాటకీ అడ్డం రానివాడు. అతన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు.

"లెట్టీ గారూ, మీకు బెంగగా ఉంటుంది. ఉండాలి కూడా. కానీ పొద్దున్నేగా పరీక్ష అయింది. సీజన్‌కి ముందు ఆగస్టులో ఇదే పరీక్షలో వాడు ఎంత తెచ్చుకున్నాడో ఇవాళ కూడా అంతే తెచ్చుకున్నాడు. ఒక్క అంకె అటూ ఇటూ లేదు. తల ఆగస్టులో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని అర్థం."

"అంతకంటే ఏం కావాలి?" అన్నాడు పాప్.

"పాలు తీసుకెళ్ళి అలమరలో పెట్టాడు."

"నేను రోజూ కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెడతాను," అన్నాడు లూ. ఓదార్పుగానే అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. అదే ఆమెకి ఊపిరాడనివ్వలేదు. ఖాళీ అయిన గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

డొరీన్ వెనకే వచ్చింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని తొట్టిలో వేడినీళ్ళు వదిలింది.

"వాడి మాటలు పట్టించుకోకు. లూ ఎప్పుడూ అంతే."

"లూ కాదు డొరీన్. ఆ అంకె. వాంతి చేసుకున్నవాడికి, వెలుతురు చూడలేనివాడికి, అదే అంకె ఎలా వస్తుంది?"

డొరీన్ గిన్నె అడుగు రుద్దుతోంది. రుద్దుతూనే, వంట గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఆగస్టు పరీక్ష కావాలనే నెమ్మదిగా రాస్తారు కదే. అందరూ అంతే. మా వేడ్ కూడా. తెలిసిన జవాబు వదిలేస్తారు, బొత్తాం ఆలస్యంగా నొక్కుతారు. అప్పుడు తక్కువ వస్తే, సీజన్ మధ్యలో దెబ్బ తగిలినా ఆ తక్కువని అందుకోగలరు. పై తరగతివాళ్ళు కిందివాళ్ళకి చెప్తారు. నీకు తెలుసనే అనుకున్నా. నువ్వేగా అక్కడ కూర్చున్నది."

లొరెట్టా తువ్వాలు కింద పెట్టింది.

అవును. అక్కడ కూర్చున్నది తనే. స్కూలు ఆఫీసులో హాజరు రాసే ఉద్యోగం. ఆగస్టు మొదటి వారంలో లైబ్రరీలో పదిమంది చొప్పున కుర్రాళ్ళని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి పరీక్ష రాయించింది తనే. ఆకారాలు, మాటల జాబితాలు, రంగులు. ఇరవై అయిదు నిమిషాలు. అయిపోయాక ఏడుగురి పేర్ల పక్కన ఎర్ర గుర్తు వచ్చింది. ఫలితం అనుమానంగా ఉంది, మళ్ళీ పెట్టండి అని. అప్పుడు మధ్యాహ్నం రెండూ నలభై. మూడింటికి మొదటి సాధన. బయట కోచ్ ఈల వినిపిస్తోంది. కుర్రాళ్ళు తలుపు దగ్గర బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏడుగురిలో క్లే ఒకడు, వేడ్ ఒకడు. రాత్రి నిద్ర చాల్లేదమ్మా, అన్నాడు నవ్వుతూ. నిద్ర చాల్లేదని తనే ఏడు చోట్ల టైపు చేసింది. సరే అన్న బొత్తాం ఏడుసార్లు నొక్కింది. కింద తన పేరులో మొదటి అక్షరాలు వేసింది. సాయంత్రం ఇంట్లో బంగాళాదుంపలు తరుగుతూ, కంప్యూటర్ ముందు కూడా గురక పెట్టావా అని వాణ్ణి ఆటపట్టించింది కూడా.

అది అబద్ధమని ఆ రోజు అనుమానం రాలేదా? వచ్చింది. కనురెప్పపాటు. వాణ్ణి బయట కూర్చోబెడితే వాడి మొహం ఎలా ఉంటుందో తలుచుకుంది. అంతే.

"ఎక్కడికే?" అంది డొరీన్.

లొరెట్టా హాల్లోకి వెళ్ళి తెరకీ ప్రొజెక్టరుకీ మధ్య నిలబడింది. నలభై నాలుగో నంబరు ఆమె ఏప్రాన్ మీద పరిగెత్తుకొచ్చి ఆగాడు.

"ఆగస్టు పరీక్ష అబద్ధం," అంది. "పిల్లలు కావాలని తప్పులు చేశారు. కంప్యూటర్ కనిపెట్టింది. మళ్ళీ పెట్టమంది. నేను పెట్టలేదు. ఏడుగురివి నేనే సరేనని వదిలేశాను. క్లేది కూడా. కాబట్టి పొద్దున్న వచ్చిన అంకెకి అర్థం లేదు. వాడి తల దెబ్బతిని ఉంది. వాడు శుక్రవారం ఆడకూడదు."

ఇప్పుడు కేకలు వస్తాయనుకుంది. తిట్లు వస్తాయనుకుంది. ఉద్యోగం పోతుంది, పోనీ అనుకుంది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒకావిడ రొట్టె తుంచుకుంది. ఎవరో దగ్గారు.

"అది అందరూ చేసేదేగా లెట్టీ," అన్నాడు లూ మెల్లగా. "దానికెందుకమ్మా అంత బాధపడతావు. రా, కూర్చో. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావు."

"కొంచెం తెర వదిలితే..." అన్నాడు వెనక వరసాయన.

ఆమె కదల్లేదు. మొహాలన్నీ చూసింది. అందరికీ తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. ఆమె మోసుకొచ్చి వాళ్ళ ముందు పెట్టిన పాపం వాళ్ళకి ఉప్పూ మిరియాల డబ్బీలాంటిది. ప్రతి బల్ల మీదా ఉండేదే.

"కోచ్," అంది చివరికి. "మళ్ళీ ఆడటానికి తల్లిదండ్రుల సంతకం కావాలి కదా. నేను పెట్టను. అంతే."

కోచ్ బర్డిక్ కాగితాలు బిగించిన అట్ట అందుకున్నాడు. తర్వాత ఆమెని పక్కకి తీసుకెళ్ళి అందులోంచి ఒక కాగితం తీశాడు. అది మడత పడలేదు. ఫోన్‌లో వచ్చినదాన్ని అచ్చు తీసింది. కింద రస్సెల్ హుడాక్ అని సంతకం.

"ఇద్దరిలో ఎవరు పెట్టినా చెల్లుతుంది లెట్టీ గారూ."

"ఎప్పుడు పంపాడు?"

"శనివారం. మధ్యాహ్నం."

శనివారం మధ్యాహ్నం. అంటే ఆమె ఫోన్ చేసిన తర్వాత. వాంతి సంగతి చెప్పిన తర్వాత. పరీక్ష అయ్యేదాకా ఆగు అని ఆమెతో చెప్పి, పరీక్షకి రెండు రోజుల ముందే సంతకం పంపేశాడు. ఇంజన్ చప్పుడులో సరిగ్గా వినిపించలేదేమోనని ఆ రోజు ఆమె రెండుసార్లు చెప్పింది కూడా. రెండుసార్లూ, విన్నాను, అన్నాడు.

"ఇంకేదీ దారి లేదా?"

కోచ్ హాలు వైపు ఒకసారి చూశాడు. మంచివాడు కాబట్టే చెప్పాడేమో. "పరీక్ష పెట్టినవాళ్ళు అది చెల్లదని రాసిస్తే, ఆ పేర్లున్నవాళ్ళెవరూ మళ్ళీ పరీక్ష అయ్యేదాకా ఆడకూడదు. రాసి, సంతకం చేసి, రేపు పొద్దున్న ఆఫీసులో ఇవ్వాలి. కానీ క్లే ఒక్కడి పేరే రాస్తే కుదరదు. ఆ రోజు వదిలేసినవన్నీ రాయాలి. ఏడుగురు. ఏడుగురు లేకపోతే శుక్రవారం జట్టే లేదు. ఓడితే ఇంటికే, ఇంకో ఆట ఉండదు. నేను వద్దని అనను. రాయమనీ అనను." మెల్లగానే అన్నాడు, కానీ హాలంతా చెవులొగ్గి విన్నది.

ఆమె అతని అట్టలోంచే ఒక తెల్లకాగితం లాక్కుంది. దగ్గర్లో ఉన్న బల్ల మీద పళ్ళేలు పక్కకి జరిపింది.

"ఎవరి దగ్గరైనా పెన్నుందా?"

ఆ హాల్లో ప్రతివాడూ ప్రతి ఆటకీ చిన్న పుస్తకంలో విసుర్లూ గజాలూ రాసుకునేవాడే. నలభైమంది. ఒక్క చెయ్యీ జేబులోకి వెళ్ళలేదు.

పాప్ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, కుర్చీ వీపులు పట్టుకుని, వరస దాటి వచ్చాడు. కొట్లాటకి వస్తున్నాడనుకుంది. కానీ ఆయన గొంతు చాలా చిన్నగా ఉంది.

"అమ్మాయ్. శుక్రవారం యూనివర్సిటీ వాళ్ళు వస్తున్నారు. ముగ్గురు. వాడి ఆట చూసి ఉచితంగా సీటివ్వడానికే వస్తున్నారు. మా నాన్న ఈ ఊరి ఫ్యాక్టరీ కొలిమిలో పనిచేస్తూ పోయాడు. నేను అందులోనే నడుం పోగొట్టుకున్నాను. రస్సెల్ ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. నీకు తెలుసు, నీ మంచం సగం ఖాళీ. మా ఇంట్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఈ నది దాటి చదువుకోడానికి పోతున్నాడు. నాలుగు రోజులు ఓర్చుకో తల్లీ. శుక్రవారం అయిపోనీ. శనివారం నేనే తీసుకెళ్తాను డాక్టరు దగ్గరికి."

"శుక్రవారం ఇంకోటి తగిలితే పాప్?"

ఆయన తెర మీద ఆగిపోయిన బొమ్మ వైపు చూశాడు. తగలదు అని ఆయన అనగలిగితే ఆమె ఆ నిమిషంలో నమ్మడానికి సిద్ధంగానే ఉంది. ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

లొరెట్టా కూర్చుంది. ఆగస్టులో తను పెట్టిన పరీక్ష ఫలితాలు చెల్లవు అని మొదటి వాక్యం రాసింది. అక్షరాలు హాజరు పట్టీలో రాసినట్టే పొందికగా వచ్చాయి. దాని కింద, క్లేటన్ హుడాక్. తన చేత్తో వాడి పేరు ఎన్ని వేలసార్లు రాసిందో. టీకా కార్డు మీద, కోటు లోపలి గుడ్డ ముక్క మీద, మధ్యాహ్నం భోజనం సంచి మీద. ఇంత కష్టంగా ఎప్పుడూ రాయలేదు.

రెండో పేరుకి పెన్ను ఆనించబోతుంటే తడి చెయ్యి ఒకటి వచ్చి కాగితం మీద పడింది. సబ్బు నురగ. డొరీన్.

"నన్ను రాయనీ," అంది లొరెట్టా. "దణ్ణం పెడతాను. నీకు వేడ్ మీద ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. కానీ రాయనీ."

"మా వాడి పేరు పైన రాయి," అంది డొరీన్.

లొరెట్టాకి అర్థం కాలేదు.

"క్లే కంటే పైన. లూ ఇందాకటినుంచీ అడుగుతున్నాడుగా, ఎందుకు జరిగిపోయాడు, ఎందుకు జరిగిపోయాడని." డొరీన్ ఎవరివైపూ చూడటం లేదు. "మూడు వారాలైంది. మా వాడికి ఒక్కోటీ రెండేసి కనిపిస్తున్నాయి. అమ్మా, చెప్పకు, అన్నాడు. చెప్పలేదు. శుక్రవారం వాడికి ఇద్దరు నలభై నాలుగులు కనిపించారు. వాడు జరిగిపోలేదు లెట్టీ. వెళ్ళి ఒకణ్ణి ఆపాడు. లేనివాణ్ణి ఆపాడు. ఉన్నవాడు మీ వాడి మీదకి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి పడుకుని ఏడ్చాడు. చిన్నప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను ఇక్కడికొచ్చి మీ వాడు బంతి ఎక్కువసేపు పట్టుకున్నాడన్నాను. నీ చేతి కూడు తింటూ అన్నాను."

ఈసారి రొట్టె ఎవరూ తుంచుకోలేదు.

లొరెట్టా కొడుకు పేరు మీద ఉన్న కాస్త ఖాళీలో వేడ్ స్కాలా అని రాసింది. తడికి సిరా పాకింది. ఇంకా అయిదు పేర్లున్నాయి. ఆ అయిదుగురి తల్లులో తండ్రులో తాతలో ఈ హాల్లోనే, ఈ బల్లల చుట్టూనే ఉన్నారు. ఆగస్టులో ఎర్ర గుర్తు ఎవరెవరికి పడిందో పిల్లలు చెప్పగా వాళ్ళకి తెలుసు. ఆమె తలెత్తకుండానే, ఒక్కొక్క కుర్చీ వెనక్కి జరుగుతున్న చప్పుడు విన్నది.

తర్వాత అడుగుల చప్పుడు. అవి బల్ల వైపు రాలేదు. తలుపు వైపు వెళ్ళాయి. గడియ పడింది.

లూ పెట్రెల్లా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. అతని మొహంలో ఇందాకటి నవ్వు జాడ కూడా లేదు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఆప్యాయంగా ఉంది.

"పెన్ను కింద పెట్టు లెట్టీ," అన్నాడు. "ఆ మిగతా అయిదుగురిలో మా మనవడున్నాడు. ఆ కాగితం చించేదాకా ఈ తలుపు తియ్యను."